బోటుకు పేరు ఎంచుకోవడం: జాబితా నుండి అణియం మీది అక్షరం దాకా

కొత్తగా ఫైబర్ బోటు చేయించుకున్నవారు, పాత మరబోటు కొన్నవారు పేరు గురించి తరచుగా మూడు సంగతులు అడుగుతుంటారు: ఎలా ఎంచుకోవాలి, కాగితాలలో ఏ జాగ్రత్త తీసుకోవాలి, ఎప్పుడు రాయించాలి. ఈ పనులకు ఒక క్రమం ఉంది. ఆ క్రమం తప్పితే రంగు వేసిన పేరును చెరిపి మళ్ళీ రాయించుకోవలసి వస్తుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఈ 61 రోజులలో బోట్లు ఒడ్డునే ఉంటాయి కనుక పని అంతా అప్పుడే పూర్తి చేసుకోవడం మేలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలోని మైపాడు, జువ్వలదిన్నె, కృష్ణపట్నం, కొత్తపట్నం, పాకల వంటి రేవులలో బోటు నడిపే కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శి రాశాను.

ముందుగా ఒక మాట. బోటు పేరును కంటితో చదివేవారికంటే చెవితో వినేవారే ఎక్కువ. వేలం పాట దగ్గర, ఐసు బండి దగ్గర, డీజిల్ బాకీ పుస్తకంలో, వైర్‌లెస్ సెట్టులో, చీకట్లో ఒడ్డునుంచి వేసే కేకలో అది వినబడే పేరే. కింది అంచెలన్నింటిలో ఎక్కువ శ్రద్ధ అడిగేది చెవి పరీక్ష.

1. వెతకడానికి ముందు సేకరించుకోవలసినవి

పేర్లు ఆలోచించడానికి కూర్చునే ముందు ఈ వివరాలు చేతిలో ఉండాలి.

☐ రేవులో ఉన్న బోట్ల పేర్ల పట్టిక. ఒక సాయంత్రం రేవు ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి, పడవ మీద రాసి ఉన్న పేరును ఒక వరుసలోను, దానిని జనం పిలిచే పేరును పక్క వరుసలోను రాసుకోవాలి.

☐ బోటులో వాటాలున్నవారి పేర్లు, వారి ఆధార్ కార్డులలో ఉన్న ఆంగ్ల అక్షరక్రమం.

☐ అణియం (బోటు ముందు భాగం) రెండు వైపులా పేరు రాయగల చోటు పొడవు, ఎత్తు. టేపుతో కొలిచి అంగుళాలలో రాసుకోవాలి.

☐ బోటు ఒంటికి ఏ రంగు వేయాలో, రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడ, ఎంత పెద్దదిగా రాయాలో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్న వివరం.

☐ తొలి అక్షరం పట్టింపు ఉన్న ఇంట్లో పంచాంగం ప్రకారం వచ్చే అక్షరాలు.

చివరి అంశాన్ని చాలామంది చివరికి వదిలేస్తారు. పేరు ఖాయమై, రంగులవాడికి బయానా కూడా ఇచ్చాక పురోహితుణ్ణి అడిగితే, యజమానిది రోహిణి నక్షత్రమని, ఓ, వా, వీ, వూ అక్షరాలలో ఒకటి కావాలని ఆయన చెప్పవచ్చు. పట్టింపు ఉన్నవారు ఆ మాటను మొదటి రోజే అడిగి ఉంచుకోవాలి, లేనివారు ఈ అంశాన్ని పట్టికనుంచి కొట్టివేయవచ్చు. మధ్యలో గుర్తు చేసుకోవడమే చిక్కు.

పేర్ల పట్టికలోని రెండు వరుసలను పోల్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ‘శ్రీ వెంకటేశ్వర స్వామి ప్రసన్న’ అని రాసి ఉన్న బోటును ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘వెంకటేశ్వర’ అనో, ‘పచ్చబోటు’ అనో, యజమాని పేరు పెట్టి ‘ఫలానా ఆయన బోటు’ అనో పిలుస్తారు. మీ పేరు పోటీ పడవలసింది ఆ రెండో వరుసతోనే.

2. నిర్ణయం ఎవరిదో తేల్చుకోవడం

ఒక్కరి సొమ్ముతో కొన్న బోటు అయితే ఈ అంచె క్షణంలో దాటిపోతుంది. ముగ్గురు నలుగురు వాటాలు పెట్టుకున్న బోటు అయితే, ఎవరి ఇంటి దేవత పేరు, ఎవరి కూతురి పేరు అన్న చోట మాట పట్టింపులు వస్తాయి. ప్రతి వాటాదారు రెండు పేర్లు ఇవ్వాలని, చెవి పరీక్షలో నిలిచిన పేరునే అందరూ ఒప్పుకోవాలని ముందే మాట అనుకుంటే గొడవ ఉండదు. నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి ఒక పదం అల్లడం కొందరికి రాజీ మార్గంగా తోస్తుంది కానీ, అర్థం లేని పదం వినేవారి చెవిలో నిలవదు. ఒక వాటాదారు తప్పుకున్న నాడు ఆ పేరు సగం ఖాళీ అయిపోతుంది కూడా.

3. పేర్లు ఎక్కడ వెతకాలి

మన తీరంలో ఎక్కువ బోట్లకు దేవుళ్ళ పేర్లే ఉంటాయి. గంగమ్మ, గంగాభవాని, ఆంజనేయ, దుర్గ, లక్ష్మి, సాయి, మేరీ మాత పేర్లు ప్రతి రేవులోను వినిపిస్తాయి. భక్తిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఒకే రేవులో నలుగురు గంగమ్మలుంటే ఐదో గంగమ్మను పిలిచేవారికి ఇబ్బంది. దేవత పేరును, ఓంకారాన్ని, శిలువను, నెలవంకను అణియం కొసన గాని ఇంజిన్ గది తలుపు మీద గాని వేరుగా రాయించుకొని, పిలిచే పేరును విడిగా ఎంచుకోవడం ఒక మంచి పద్ధతి.

దేవుని పేరే కావాలనుకునేవారు సొంత ఊరి దేవుణ్ణి తలచుకుంటే పేరు వెంటనే ప్రత్యేకమవుతుంది. పెంచలకోన నరసింహస్వామిని బట్టి పెంచలయ్య, మాల్యాద్రి స్వామిని బట్టి మాలకొండయ్య, జొన్నవాడ అమ్మవారిని బట్టి కామాక్షమ్మ, కసుమూరు దర్గాను బట్టి మస్తాన్, మస్తానమ్మ వంటి పేర్లు ఈ రెండు జిల్లాలలో మతంతో నిమిత్తం లేకుండా పిల్లలకు పెట్టుకుంటున్నవే. ‘పెంచలకోన’, ‘మాలకొండ’ అన్న పేర్లు వినగానే బోటు ఏ సీమదో కూడా తెలుస్తుంది.

ఏరుల పేర్లు వెతికితే పెన్న, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ ఉన్నాయి. ఆకాశంలో వెతికితే వేగుచుక్క ఉంది. తెల్లవారుజామున వేటకు పోయేవారికి దానికంటే దగ్గరి పేరు లేదని నాకు అనిపిస్తుంది. చేపలలో వంజరం, చందువ ఉన్నాయి, పక్షులలో గూడబాతు, రాజహంస ఉన్నాయి. ఇంటివారి పేరు పెట్టదలచినవారు ఇప్పటి పిల్లల పేర్లకంటే అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు వెతకడం మంచిది. ఒకే సంవత్సరంలో పుట్టిన పిల్లల పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, కానీ ‘అంకమ్మ’, ‘పోలమ్మ’ అన్న పేర్లు ఇప్పుడు వింటే ఎవరికైనా గుర్తుంటాయి.

వదిలివేయవలసిన పేర్లు:

☐ ప్రమాదాన్ని, సాయాన్ని సూచించే మాటలు. ‘అభయం’, ‘రక్షణ’ వంటి పేర్లను సెట్టులో విన్నవారు సాయం కోరుతున్నారని పొరబడవచ్చు.

☐ ‘ఐఎన్‌ఎస్’, ‘ఐసీజీఎస్’ వంటి ముందు మాటలు. అవి నౌకాదళానికి, కోస్ట్ గార్డుకు చెందిన ఓడలవి.

☐ చివర అంకె ఉన్న పేర్లు. ‘విక్రమ్ 2’ అంటే రెండో బోటు అని ఒకరికి, రెండు బోట్లు అని మరొకరికి, రెండో ఛానెల్ అని ఇంకొకరికి వినిపిస్తుంది.

☐ ఎవరినైనా ఎత్తిపొడిచే పేర్లు, నవ్వులాటకు పెట్టే పేర్లు. ప్రాణాపాయంలో అదే పేరును మూడుసార్లు పలకవలసి ఉంటుంది.

ఈ అంచె ముగిసేసరికి చేతిలో ఆరు నుండి పది పేర్లు ఉంటే చాలు.

4. చెవి పరీక్ష

సముద్రంలో పేరు ఎలా పాడవుతుందో తెలిస్తే ఈ పరీక్ష ఎందుకో అర్థమవుతుంది.

మొదటిది, మొదటి అక్షరం తెగిపోవడం. వైర్‌లెస్ సెట్టులో మీట నొక్కీ నొక్కకముందే మాట్లాడితే తొలి అక్షరం అవతలికి చేరదు. అప్పుడు ‘విజయలక్ష్మి’ కాస్తా ‘జయలక్ష్మి’గా వినిపిస్తుంది. ఆ రెండు పేర్లతో రెండు బోట్లు ఒకే రేవులో ఉంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. మా పెదనాన్నగారి బోటుది సరిగ్గా ఇదే కథ. మూడేళ్ళపాటు మా ఐసు పక్కవారి బోటుకు, పక్కవారి డీజిల్ పీపా మాకు వచ్చి చేరేవి. పేరుకు ముందు ‘శ్రీ’ ఉంటే తెగిపోయేది ‘శ్రీ’యే కనుక అసలు పేరు దక్కుతుంది. ఆ విధంగా ‘శ్రీ’తో పుణ్యం, పురుషార్థం రెండూ కలిసివస్తాయి.

రెండవది, ఊష్మాలు కలిసిపోవడం. మాటను మోసే సెట్లు సుమారుగా 300 నుండి 3000 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని మాత్రమే పంపుతాయి. ‘స’, ‘శ’, ‘ష’ల బుసలో ఎక్కువ భాగం ఆ హద్దుకు పైన ఉంటుంది కనుక అది అక్కడే ఆగిపోతుంది. ఆ అక్షరాల మీదే తేడా నిలిచిన పేర్లు సెట్టులో తేడా లేని పేర్లవుతాయి.

మూడవది, తోక ఒకటే కావడం. గణపతి, రఘుపతి, పశుపతి అన్న మూడు పేర్లను ఇంజిన్ హోరులో పిలిస్తే ‘పతి’ మాత్రమే చెవికి అందుతుంది. లక్ష్మి, దుర్గ, సాయి తోకలు కూడా ఇంతే.

మన పేర్లు దాదాపుగా అచ్చుతో ముగుస్తాయి కనుక కేక వేసేటప్పుడు చివరి అచ్చును సాగదీయవచ్చు. ‘వేగుచుక్కా...’ అని గాలికి ఎదురుగా అరిచినా వినబడుతుంది. పొల్లుతో ముగిసే ‘విక్రమ్’, ‘టైటాన్’ వంటి పేర్లకు ఆ సౌకర్యం లేదు.

ఇక పరీక్ష చేసే విధానం:

మొదట, ప్రతి పేరును జనం ఎలా కురచ చేస్తారో ఊహించి ఆ కురచ రూపాన్ని పక్కన రాయాలి. ఇంట్లోవారిని అడగకుండా జట్టులోని కుర్రవాణ్ణి అడిగితే నిజం తెలుస్తుంది. ఆ కురచ రూపం ఒకటవ అంచెలోని పట్టిక రెండో వరుసలో ఇప్పటికే ఉంటే ఆ పేరును కొట్టివేయాలి.

తరువాత, ఒడ్డున ఒక బోటు ఇంజిన్‌ను నడుస్తూ ఉంచి, సుమారు 50 అడుగుల దూరంలో ముగ్గురిని నిలబెట్టాలి. ఆ ముగ్గురికి మీ జాబితా ముందుగా తెలిసి ఉండకూడదు. జాబితాలోని పేర్లను, వాటి మధ్యలో రేవులోని పాత పేర్లను కలిపి ఒక్కొక్కదానిని ఒక్కసారి మాత్రమే పిలవాలి. వారు విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి. ఇద్దరు తప్పు రాసిన పేరును వదిలేయాలి.

మిగిలిన పేర్లను సెల్‌ఫోనులో, సిగ్నల్ సరిగా లేని చోటునుంచి, మన యాస అలవాటు లేనివారికి చెప్పి చూడాలి. ఆపదలో మీ పేరు వినేవారు తెలుగువారే అయి ఉండాలన్న నియమం లేదు. వైర్‌లెస్ సెట్టు మీద కూడా పరీక్షించదలిస్తే ఖాళీగా ఉన్న ఛానెల్ వాడాలి. 16వ ఛానెల్ ఆపద కబుర్లకు, తొలి పిలుపుకు ఉద్దేశించినది కనుక దాని మీద ఇటువంటి పరీక్షలు చేయరాదు.

చివరి పరీక్షగా ఆపద పిలుపును పేరుతో కలిపి గట్టిగా పలకాలి. ‘మేడే’ అని మూడుసార్లు, ఆ వెంటనే బోటు పేరు మూడుసార్లు చెప్పడం పద్ధతి. తొమ్మిది అక్షరాల పేరును మూడుసార్లు వగరుస్తూ పలికి చూస్తే, నాలుగు అక్షరాల పేరు విలువ ఎవరూ చెప్పనవసరం లేకుండానే తెలుస్తుంది.

5. కాగితాలలో ఒకే అక్షరక్రమం

అధికారికంగా బోటును గుర్తించేది పేరుతో కాదు, ‘ఐఎన్‌డీ–ఏపీ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరుతో. అందుచేతనే ఒకే పేరున్న బోట్లు అనేకం కనిపిస్తాయి. అలాగని కాగితాలలో పేరును తేలికగా తీసుకోరాదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక విధంగాను, బీమా పాలసీలో మరో విధంగాను ఉంటే, నష్టం జరిగిన రోజున రెండూ ఒకే బోటని రుజువు చేసుకునే భారం యజమాని మీద పడుతుంది. మాకు ఒకసారి అలా రెండు నెలలు తిరగవలసి వచ్చింది. తప్పు ఒకే ఒక్క అక్షరం.

చిక్కు ఎక్కువగా ఆంగ్ల అక్షరాల దగ్గరే వస్తుంది. ‘లక్ష్మి’ని ‘కే–ఎస్–హెచ్’తో రాసేవారు కొందరు, ‘ఎక్స్’తో రాసేవారు కొందరు. ‘పెంచలయ్య’ చివర ‘ఏ–ఐ–ఏ–హెచ్’ ఒక వాడుక, ‘ఏ–వై–వై–ఏ’ మరో వాడుక. రెండింటిలో ఏది ఒప్పు అన్న చర్చ అనవసరం, ఒకటి ఎంచుకొని దానికే కట్టుబడాలి. సంఖ్యాశాస్త్రం చెప్పారని అదనంగా ఒక ‘ఏ’ చేర్చుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. దరఖాస్తు నింపే ప్రతి గుమాస్తా ఆ అదనపు అక్షరాన్ని తప్పుగా భావించి తీసివేస్తాడు.

పని క్రమం ఇలా ఉండాలి. ఎంచుకున్న పేరును తెలుగులోను, ఆంగ్లంలో పెద్ద అక్షరాలతోను ఒక కాగితం మీద రాసి, వాటాదారులందరూ సంతకం చేయాలి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోనులో ఉంచుకోవాలి. దరఖాస్తు ఎక్కడ నింపినా నోటితో చెప్పకుండా ఆ ఫోటోనే చూపించాలి. రిజిస్ట్రేషన్ ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా జరుగుతుంది కనుక, దరఖాస్తును పంపే మీట నొక్కకముందు తెర మీద ఉన్న పేరును అక్షరం అక్షరం చదివి సరిచూడాలి.

పేరు ఒకే విధంగా ఉండవలసిన చోట్లు:

☐ రిజిస్ట్రేషన్ పత్రం, వేట లైసెన్సు
☐ బీమా పాలసీ
☐ బ్యాంకు లేదా సొసైటీ రుణ పత్రం
☐ డీజిల్ రాయితీ పత్రాలు
☐ ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే పరికరం) బిగించేటప్పుడు ఇచ్చే వివరాలు
☐ బోటు ఒంటి మీది రాత

పత్రం చేతికి వచ్చేవరకు రంగుల డబ్బా మూత తీయవద్దు.

6. అణియం మీద రాయించడం

అక్షరాల పరిమాణానికి ఒక సులువైన లెక్క ఉంది. ఎంత దూరంనుంచి సుఖంగా చదవాలో ఆ దూరంలో ప్రతి 10 అడుగులకు 1 అంగుళం ఎత్తు ఉండాలి. 80 అడుగులనుంచి చదవాలంటే 8 అంగుళాల అక్షరం కావాలి. అయితే ఈ లెక్క తలకట్టునుంచి అక్షరం పాదం వరకే వర్తిస్తుంది. తెలుగులో కింద ఒత్తులు వస్తాయి, పైన గుడులు వస్తాయి. ‘లక్ష్మి’, ‘కృష్ణ’ వంటి పేర్లకు 8 అంగుళాల అక్షరం రాయాలంటే సుమారు 14 అంగుళాల చోటు అవసరమవుతుంది. ఈ కొలత చూసుకోని చోట ఒత్తులు చీమలంత చిన్నవైపోయి పేరు చదవరాకుండా పోతుంది. చోటు తక్కువగా ఉన్న పడవకు ఒత్తులు లేని పేరు ఎంచుకోవడం కూడా ఒక ఉపాయమే.

గీత మందం అక్షరం ఎత్తులో ఆరో వంతునుంచి ఎనిమిదో వంతు వరకు ఉంటే సరిపోతుంది. అంతకంటే లావుగా రాస్తే ‘ద’, ‘ధ’, ‘థ’ల పొట్టలు పూడిపోయి మూడూ ఒకటే అవుతాయి. నీడలు, పూలు, మెలికలు పెట్టవద్దని రంగులవాడికి ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆయన తన పనితనమంతా మీ అణియం మీదే చూపిస్తాడు.

రంగు ఎంపికలో ముదురు మీద లేత, లేత మీద ముదురు అన్నదే సూత్రం. నీలం మీద తెలుపు లేదా పసుపు బాగా కనిపిస్తుంది. నీలం మీద ఎరుపు మధ్యాహ్నం అందంగానే ఉంటుంది కానీ, మసక వెలుతురులో మన కంటికి ఎరుపు నల్లబడిపోతుంది కనుక పేరు మాయమవుతుంది.

ఫైబర్ బోటుకు పని క్రమం:

ఒకటి, మంచినీళ్ళతో ఉప్పు పూర్తిగా పోయేలా కడిగి ఆరనివ్వాలి. రెండు, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. కొత్త బోటు అచ్చునుంచి ఊడి రావడానికి పూసిన మైనం దాని ఒంటి మీద మిగిలి ఉంటుంది, అది ఉండగా వేసిన రంగు మొదటి వేటలోనే పొరలుగా లేచిపోతుంది. మూడు, 180 లేదా 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేవరకు రుద్ది దుమ్ము తుడవాలి. నాలుగు, ప్రైమరు వేసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. ఐదు, దారంతో పై గీత, కింది గీత కొట్టి, సుద్దతో అక్షరాలు గీసి, 80 అడుగుల దూరం వెళ్ళి చూసి రావాలి. ఆరు, రంగు రెండు పూతలు పలుచగా వేయాలి.

కొయ్య పడవకు మైనం బెడద లేదు కానీ, చెక్క లోపల తడి ఉంటే రంగు బుడగలు లేస్తుంది. ఒడ్డుకు లాగిన తరువాత కనీసం వారం రోజులు ఎండనివ్వాలి.

మే నెలలో రంగు పని మంచు ఆరిన తరువాత మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపాలి. మిట్టమధ్యాహ్నం కాగిన ఒంటి మీద రంగు పైపైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ పైన సముద్రపు గాలి లేచి ఇసుకను, ఉప్పును తెచ్చి తడి రంగు మీద చల్లుతుంది.

7. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

పేరు రిజిస్ట్రేషన్ నంబరు మీదికి పాకడం: పేరునే కుదించాలి, నంబరును కదల్చరాదు.

ఒక వైపు ఒక విధంగా, మరో వైపు మరో విధంగా రాయడం: రంగులవాడు మధ్యలో మారినప్పుడు ఇలా జరుగుతుంది. మొదటి వైపు అక్షరాలను పలుచని కాగితం మీద ఎత్తుకొని, అదే కాగితంతో రెండో వైపు గీయించాలి. కాగితం తిరగేసి పెట్టకుండా దగ్గర నిలబడి చూడాలి.

రాసిన తరువాత అదే పేరు మరొక బోటుకు ఉందని తెలియడం: కొత్త పేరు వెతకకుండా, పేరుకు ముందు ఊరి మాటనో ఏటి మాటనో చేర్చి, జట్టువారందరూ ఆ చేర్చిన మాటతోనే పిలవడం అలవాటు చేసుకోవాలి. చేర్చిన మాటను కాగితాలలో కూడా ఎక్కించాలి.

జనం మరో పేరుతో పిలవడం మానకపోవడం: రెండేళ్ళయినా మారకపోతే ఓటమి ఒప్పుకొని ఆ పిలుపు పేరునే బోటుకు రాయించుకోవచ్చు. ‘పచ్చబోటు’ అన్న పేరులో తప్పేమీ లేదు, రంగు మార్చనంతవరకు.

8. పాత బోటుకు పేరు మార్చడం

కొన్న బోటు మీద పాత యజమాని తల్లి పేరో బిడ్డ పేరో ఉంటే, చెరిపే ముందు వారితో ఒక మాట చెప్పడం మర్యాద. ఆ తరువాతి క్రమం తప్పకూడదు: ముందు యాజమాన్యం బదిలీ, బోటు మీద అప్పు ఉంటే బ్యాంకు అంగీకారం, అటుపైన పేరు మార్పు దరఖాస్తు, బీమాలో సవరణ, ఆఖరున రంగు. పాత పేరును రంగుతో కప్పితే ఏడాది తిరిగేసరికి అది నీడలా పైకి తేలుతుంది. గరుకు కాగితంతో అంచులు చేతికి తగలనంతవరకు అరగదీసి, ప్రైమరు వేసిన మీదటే కొత్త రంగు వేయాలి.

రేవులో మారిన పేరును ఐసు ఫ్యాక్టరీ, డీజిల్ బంకు, వేలం పాటగాడు, ఇరుగుపొరుగు బోట్ల సరంగులు (బోటు నడిపేవారు) అందరికీ తెలియజేయాలి. ఒక వేట కాలం పాటు ‘ఫలానా పాత పేరు బోటు’ అని కూడా చెప్పక తప్పదు.

9. నీటిలోకి దించే రోజు

☐ రంగు ఆరి కనీసం మూడు రోజులు గడిచి ఉండాలి.
☐ పసుపు, కుంకుమ అణియం కొసకు పూయాలి, అక్షరాల మీద కాదు.
☐ గుమ్మడికాయ, కొబ్బరికాయ కొట్టడం పేరుకు దూరంగా జరగాలి.
☐ జట్టులోని ప్రతి ఒక్కరూ బోటు పేరును, రిజిస్ట్రేషన్ నంబరును చూడకుండా చెప్పగలగాలి.
☐ పేరు, నంబరు, కోస్ట్ గార్డు 1554, మెరైన్ పోలీసు 1093 నంబర్లు ఒక అట్ట మీద రాసి సెట్టు పక్కన అంటించాలి.
☐ రెండు వైపులనుంచి పేరు కనబడేలా ఫోటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోనులో కూడా ఉంచాలి. ఒడ్డునుంచి వెతకవలసి వస్తే మొదట అడిగేది ఆ ఫోటోనే.